కృష్ణా డెల్టాలో ఉగ్గుగిన్నె

హనుమాన్ జంక్షన్ కృష్ణా జిల్లాలో బాపులపాడు మండలానికి కేంద్రం. మద్రాసునూ కలకత్తానూ కలిపే పెద్దరోడ్డును, నూజివీడు నుంచి గుడివాడ మీదుగా బందరు పోయే రోడ్డు ఇక్కడ అడ్డంగా దాటుతుంది. కూడలికి దక్షిణాన కాలువ కింద మాగాణి, ఉత్తరాన నూజివీడు వైపు మెట్ట. దక్షిణాన వరిదే రాజ్యం. ఉత్తరాన ఇప్పుడు మామిడి తోటలు కనిపిస్తున్నా, పూర్వం జొన్న, కంది, నువ్వు వంటి వర్షాధారపు పంటలు పండేవి. ఈ రెండు నేలల తేడా పెద్దల కంచాల దగ్గరే ఆగలేదు, చంటిబిడ్డ నోటిదాకా వచ్చింది. తల్లి తిన్న తిండిలో కొంత ఆమె పాలలోకి దిగుతుంది. పాలు మానిన బిడ్డకు పెట్టే మొదటి ముద్ద ఆ ఇంటి కుండలో ఏది ఉడికితే అదే. అందుకే డెల్టాలో పసిపిల్లల తిండి చరిత్రను ఆచారాలతో మొదలుపెట్టినా, కాలువల దగ్గరికీ బియ్యం మిల్లుల దగ్గరికీ వెళ్లక తప్పదు.

ఆసుపత్రులు అందుబాటులో లేని రోజుల్లో పురుడు పోసేది మంత్రసాని. బిడ్డ పుట్టగానే తల్లి రొమ్ము అందించే అలవాటు చాలా ఇళ్లలో లేదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పసుపుపచ్చ ముర్రుపాలను పిండి పారబోసేవారు. అవి బిడ్డకు అరగవని నమ్మకం. ఆ మూడు రోజులూ చుక్కలు చుక్కలుగా ఆముదం, వేలితో నాకించే తేనె, పంచదార నీళ్లు బిడ్డకు ఆహారం. కడుపులోని నల్లటి తొలి మలాన్ని ఆముదం కడిగేస్తుందని పెద్దల మాట. నిజానికి ఆ పని ముర్రుపాలే చేస్తాయి. పైగా బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చే ప్రతిరక్షకాలు, విటమిన్ ఎ తర్వాత వచ్చే పాలలో కంటే వాటిలోనే ఎక్కువ. తేనె ఏడాదిలోపు పిల్లలకు ప్రమాదమని ఇప్పటి వైద్యం చెబుతుంది. అరుదుగానైనా అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసివాళ్ల నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారు చేస్తుంది. అదే ఇంట్లో గేదె ఈనితే దాని ముర్రుపాలతో జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచేవారు. దూడకు మాత్రం తొలిపాలు తాగనివ్వకపోతే బతకదని పశువులు కాసేవాడికి కూడా తెలుసు. ఆ తెలివి పాకలోంచి పురిటిగదిలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

బాలింతకు పథ్యం ఉండేది. మంచినీళ్లు తక్కువ, పెరుగు నిషేధం, చలవ చేసే కూరలు నిషేధం. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, నెయ్యి కలిపి చేసిన కాయం ముద్ద పొద్దున్నే మింగించేవారు. వెల్లుల్లి కారంతో మొదటి ముద్ద. ఇవన్నీ తల్లి ఒంటికి వేడి చెయ్యడానికి. పాలు పడడానికి వేరే వంటలున్నాయి. బొప్పాయి కాయ కూర ఒకటి, బందరు వైపు తీరంలో పాలసొర చేపను ఉడకబెట్టి పొడిగా వేయించిన పుట్టు మరొకటి. ఇక తెలగపిండి సంగతి విడిగా చెప్పుకోవాలి. గానుగలో నువ్వుల నూనె తీయగా మిగిలిన చెక్కను పొడి చేసి మునగాకుతో కలిపి వండే ఆ కూర కోస్తా జిల్లాల బాలింతలకు తప్పనిసరి. నువ్వుచెక్కలో మాంసకృత్తులూ కాల్షియమూ దండిగా ఉంటాయి, మునగాకులో ఇనుమూ విటమిన్ ఎ గా మారే పదార్థమూ ఉంటాయి. అది తింటే పాలు పొంగుతాయా లేదా అన్నది అటుంచితే, పథ్యం పేరుతో పప్పూ పెరుగూ ఆకుకూరలూ పోగొట్టుకున్న ఆడమనిషికి అవి కొంతయినా తిరిగి దక్కే దారి అదొక్కటే. పైగా నువ్వులు మెట్ట పంట. మాగాణి ఊళ్ల బాలింత తెలగపిండి కోసం పై ప్రాంతం మీద ఆధారపడేది.

పాలు చాలకపోయినా, తల్లి పురిట్లోనే పోయినా పోతపాలు పోసేవారు. బంధువుల్లో పాలున్న మరో తల్లి దొరికితే అదృష్టం. లేకుంటే ఆవుపాలు, మేకపాలు, అవీ లేకుంటే గేదెపాలలో నీళ్లు కలిపి పట్టేవారు. పట్టడానికి ఉగ్గుగిన్నె ఉండేది: ఒకవైపు ముక్కులా సాగిన మూతితో, గుప్పెట్లో ఇమిడే చిన్న గిన్నె. కలిగినవాళ్లకు వెండిది, మిగతావాళ్లకు ఇత్తడిది. అదీ లేనివాళ్లు దూది వత్తిని పాలలో ముంచి నోట్లో పెట్టేవారు. సీసాలూ పాలపీకలూ వచ్చాక ఈ గిన్నె వెనకబడింది గాని, వైద్యుల లెక్కలో సీసా కంటే గిన్నే మేలు. గిన్నెను వేడినీళ్లతో పూర్తిగా తోమవచ్చు, సీసా మూలల్లో, రబ్బరు పీక లోపల పాలు విరిగి సూక్ష్మజీవులు పెరుగుతాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పిండిన తల్లిపాలు పట్టడానికి నేటి ఆసుపత్రుల్లోనూ ఇలాంటి ముక్కు గిన్నెనే వాడుతున్నారు.

గాడిదపాలు మరో వింత. గాడిదలను తోలుకుని వీధి వీధికీ తిరిగి, అడిగిన ఇంటి ముందే పిండి చెంచాల లెక్కన అమ్మేవాళ్లు కోస్తా పట్నాల్లో ఇటీవలి వరకూ కనిపించారు. ఉబ్బసం, జలుబు రావని పసివాళ్లకు పట్టేవారు. ఉబ్బసం మాటకు రుజువు లేదు. పోషక విలువల్లో మాత్రం గాడిదపాలు తల్లిపాలకు దగ్గరగా ఉంటాయి: చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ; కొవ్వు మాత్రం తల్లిపాలలో కంటే తక్కువ. గేదెపాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వందపాళ్ల తల్లిపాలలో మాంసకృత్తులు ఒక పాలుంటే గేదెపాలలో సుమారు నాలుగు, కొవ్వు దాదాపు ఏడు. పసి కడుపుకి అది బరువు. నీళ్లు కలిపితే బరువు తగ్గేది; ఆ నీళ్లు చెరువువో కాలువవో అయినప్పుడు విరేచనాలు మొదలయ్యేవి.

ఘనాహారం విషయంలో పాత గ్రంథాలకూ నేటి వైద్యానికీ పెద్ద తగాదా లేదు. సుశ్రుత సంహిత ఆరో నెలలో తేలికైన, హితమైన అన్నం పెట్టమంది. కాశ్యప సంహిత ఆరో నెలలో పండ్లు, పదో నెలలో అన్నం అంది. తెలుగిళ్లలో మగపిల్లలకు సరి నెలల్లో, ఆడపిల్లలకు బేసి నెలల్లో అన్నప్రాశన చేయడం వాడుక. పాయసం నాకించాక పుస్తకం, కలం, బంగారం, కత్తి వంటివి ముందు పరిచి బిడ్డ దేన్ని పట్టుకుంటుందో చూస్తారు. డెల్టాలో ఈ ముచ్చటకు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ప్రసిద్ధి. పేరు పెట్టడం, అన్నప్రాశన, చెవులు కుట్టించడం అక్కడ చేసుకోవడానికి దూరపు ఊళ్ల నుంచీ వస్తారు. అయితే అన్నప్రాశన వేడుకే, తిండి కాదు. ఆ రోజు నాకించిన పాయసం తర్వాత నెలల తరబడి పాలతోనే గడిపిన ఇళ్లు తక్కువేమీ కాదు.

అసలు తిండి ఉగ్గు. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, పెసరపప్పు, కాస్త జీలకర్ర లేదా వాముతో దోరగా వేయించి, తిరగలిలో రవ్వగా విసిరి దాచుకునేవారు. పూట పూటకీ రెండు చెంచాలు నీళ్లలో పలచగా కాచి నెయ్యి చుక్క వేసి పట్టేవారు. బియ్యంలో కొరవడిన లైసిన్ అనే అంశం పెసరపప్పులో ఉంటుంది, పప్పులో కొరవడినది బియ్యంలో ఉంటుంది; రెండూ కలిస్తే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. వేయించడం వల్ల పిండి తేలిగ్గా అరుగుతుంది, పురుగూ పట్టదు. ఆ తర్వాత పప్పుకట్టుతో మెత్తటి అన్నం, చారన్నం, పెరుగన్నం, చందమామను చూపిస్తూ గోరుముద్దలు. మాటలు త్వరగా వస్తాయని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసేవారు; వాగుడుకాయ పిల్లల్ని వసపిట్టలనడం అందుకే. మెట్ట ఊళ్లలో ఉగ్గు స్థానంలో జొన్న జావ, రాగి జావ ఉండేవి. రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ జావను బీదల తిండిగానే చూశారు. కాలువ వచ్చాక ఆ చూపు ఇంకా గట్టిపడింది.

రొమ్ము మాన్పించడానికి తొందరపడేవారు కాదు. రెండేళ్లు, మూడేళ్లు, మళ్లీ కడుపు వచ్చేదాకా పాలు తాగిన పిల్లలున్నారు. మాన్పించాల్సి వస్తే వేపాకు నూరి చనుమొనకు పూసేవారు. నాట్లకూ కలుపులకూ కోతలకూ వెళ్లే కూలి తల్లి గట్టు మీది చెట్టుకు పాత చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టేది. పాలు పొంగి చీర తడిసినా మేస్త్రి పిలిచేదాకా గట్టెక్కే వీలుండేది కాదు. ఇంటి దగ్గర వదిలితే ఏడెనిమిదేళ్ల అక్కే పెంపుడు తల్లి, ఆమె పట్టే గంజే తిండి. డెల్టాలో వరిసాగు పెరిగిన కొద్దీ ఆడకూలీల పని పెరిగింది, పనికి తగ్గట్టు బిడ్డకు పాలిచ్చే పూటలు తగ్గాయి. ఆచారాల జాబితాల్లో ఈ సంగతి కనపడదు. కలవారి ఇళ్ల ఉగ్గుగిన్నెలు, నలుగుపిండ్లు పుస్తకాల్లోకి ఎక్కినంతగా గట్టు మీది ఉయ్యాల ఎక్కలేదు.

కాలువకు ముందు ఈ ప్రాంతం కరువు చూసింది. 1832–33 నాటి కరువులో గుంటూరు జిల్లా జనాభాలో దాదాపు మూడో వంతు తుడిచిపెట్టుకుపోయిందని అంచనా. ఆర్థర్ కాటన్ ప్రణాళికతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855 నాటికి బెజవాడ, సీతానగరం కొండల మధ్య ఆనకట్ట లేచింది. అక్కడినుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, వాటి చీలికలు తూర్పు డెల్టా నిండా నీళ్లు పారించాయి. పొలం వరికి తిరిగింది, తల్లి కంచమూ వరికే తిరిగింది. ఆకలి చావులు తగ్గడం చిన్న సంగతి కాదు. దేశానికి అన్నపూర్ణ అన్న పేరు డెల్టాకు అక్కడినుంచే వచ్చింది.

రెండో మార్పు బియ్యం మిల్లు. ఇంట్లో రోకటితో దంచిన బియ్యానికి గింజ మీది ఎర్రటి పొర కొంత మిగిలేది. మిల్లు ఆ పొరను పూర్తిగా గీకి తెల్లగా మెరిసే బియ్యం ఇచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో డెల్టా పట్నాల్లోనూ పెద్ద ఊళ్లలోనూ మిల్లులు వెలిశాయి, ఆడవాళ్లకు దంపుడు చాకిరీ తప్పింది. తవుడుగా పోయిన ఆ పొరతో పాటు పోయింది థయమిన్ అనే విటమిన్. తమిళ జిల్లాల్లో ఎక్కువమంది ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పై పొరలోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది, ఆ తర్వాత మిల్లు పట్టినా మొత్తం పోదు. సర్కారు జిల్లాల తెలుగువారికి ఉప్పుడు బియ్యపు వాసన గిట్టదు. పచ్చి బియ్యం, అదీ తెల్లగా పట్టింది, నాలుగైదు నీళ్లలో కడిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చి తిన్నారు. తవుడూ, బియ్యం కడుగూ, వార్చిన గంజీ కుడితి గోలెంలోకి పోయాయి. ఇంట్లో ఆ విటమిన్ దక్కింది గేదెకు. దాన్ని తన పొట్టలోనే తయారు చేసుకోగల జంతువు కనుక, నిజానికి గేదెకు దాని అవసరమే లేదు.

థయమిన్ కొరత ఫలితం బెరిబెరి. పెద్దవాళ్లలో కాళ్ల తిమ్మిరి, నీరు పట్టడం, గుండె బలహీనత. బాలింతలో పైకి ఏమీ కనపడకపోవచ్చు. కానీ ఆమె పాలలో థయమిన్ చాలినంత ఉండదు. రొమ్ము పాలతో బొద్దుగా పెరుగుతున్న రెండు నుంచి ఐదు నెలల బిడ్డ ఒక్కసారిగా వాంతులు చేసుకుంటుంది, ఏడుస్తుంది గాని గొంతు పెగలదు, ఒళ్లు నీలంగా మారుతుంది, గంటల్లో గుండె ఆగిపోతుంది. గ్రహం పట్టిందనీ దిష్టి తగిలిందనీ అనుకోవడం ఆశ్చర్యమేమీ కాదు. తల్లిపాలే తాగుతున్న బిడ్డ తిండి లోపంతో చనిపోతుందని ఎవరు ఊహిస్తారు?

ఈ ముడి విప్పిన కథ జావా నుంచి మనీలా మీదుగా సాగింది. జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లకు ఇలాంటి జబ్బు రావడం 1890ల్లో గమనించాడు. మనీలాలో 1910 ప్రాంతంలో రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు తవుడు నుంచి తీసిన సారాన్ని బెరిబెరి పట్టిన శిశువులకు పట్టించి చావు అంచు నుంచి వెనక్కి తెచ్చాడు. అక్కడినుంచి ఆయన పట్టు విడవలేదు. పాతికేళ్లకు, 1936లో, ఆ విటమిన్ నిర్మాణాన్ని కనిపెట్టి కృత్రిమంగా తయారు చేశాడు. ఈ విలియమ్స్ 1886లో పుట్టింది నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట.

ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలో రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో బెరిబెరి విచారణ విభాగం ప్రారంభించాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆ జబ్బు పాతుకుపోయి ఉంది. తర్వాత అదే పోషకాహార పరిశోధనాలయంగా పెరిగింది. మెకారిసన్ తర్వాత అధిపతి అయిన డబ్ల్యూ.ఆర్. ఐక్రాయిడ్ సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద పెద్ద నివేదిక వెలువరించాడు. 1941లో ఐక్రాయిడ్, బి.జి. కృష్ణన్ కలిసి బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాల మీద ప్రత్యేకంగా పత్రం ప్రచురించారు. ఉప్పుడు బియ్యం తినమనీ, తెల్లగా పట్టవద్దనీ, గంజి వార్చవద్దనీ ఇచ్చిన సలహాలు డెల్టాలో పెద్దగా చెల్లలేదు. శతాబ్దం మధ్య నాటికి జబ్బు తగ్గుముఖం పట్టింది. పప్పు, కూర, పాలు కొంత పెరగడం, సూదిమందుగా, మాత్రలుగా థయమిన్ చౌకగా దొరకడం అందుకు తోడ్పడ్డాయి. కాలువ కూలివాడి ఇంట గంజి పారబొయ్యలేదు, తాగారు. ఈ ఒక్క విషయంలో పేదరికం వాళ్ల పిల్లలకు కాస్త రక్షణ ఇచ్చి ఉండాలి. ఐతే పప్పూ కూరా లేని అన్నంతో అది కూడా ఎంతోకాలం నిలిచేది కాదు.

ఆడవాళ్ల వైద్యం ఈ లోగా ఊపందుకుంది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. 1924లో దేశమంతటా శిశు వారోత్సవాలు జరిగాయి, బొద్దుపిల్లలకు బహుమతులిచ్చే పోటీలు పెట్టారు. మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ వంటి పత్రికలు చదువుకున్న ఇల్లాళ్లకు వైద్యం మాటలు చేర్చాయి. వీటి ధోరణిలో ఒక లోపం కనిపిస్తుంది: తల్లికి తెలియకపోవడమే బిడ్డల చావుకు కారణమన్నట్టు రాసేవారు. గడియారం చూసి లెక్క ప్రకారం పాలివ్వమన్న పాశ్చాత్య నియమాన్ని కూడా వీళ్లే తెచ్చారు. ఏడ్చినప్పుడల్లా రొమ్మిచ్చే పల్లె తల్లి పద్ధతే సరైనదని వైద్యం తర్వాత ఒప్పుకుంది.

పోతపాలతో వచ్చిన మరో జబ్బు దక్షిణాది మధ్యతరగతి ఇళ్లను గడగడలాడించింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు కాలేయం గట్టిపడి, పొట్ట ఉబ్బి, కామెర్లు ముదిరి చనిపోయేవారు. ఒకే ఇంట్లో వరసగా ఇద్దరు ముగ్గురు పోయిన సందర్భాలున్నాయి. మద్రాసులోని జమ్మి వెంకటరమణయ్య లివర్ క్యూర్ మందుకు తెలుగు ఇళ్లలో అంత పేరు రావడానికి కారణం ఈ భయమే. 1980ల్లో పుణె, లండన్ వైద్యులు కలిసి చేసిన పరిశోధన ఇత్తడి పాత్రల వైపు వేలు చూపింది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచి నిలవ ఉంచిన పాలలోకి రాగి దిగుతుంది. పెద్దల కాలేయం దాన్ని తట్టుకుంటుంది, పసివాళ్లది తట్టుకోలేదు. రొమ్ము పాలు తాగే పిల్లలకు ఆ బెడద లేదు. వీధుల్లో కళాయి వేసే వాళ్ల కేక వినపడినప్పుడల్లా గిన్నెలు బయటికి తెచ్చే ఇల్లాలు తెలియకుండానే బిడ్డను కాపాడుకుంది. స్టీలు గిన్నెలు వచ్చి ఇత్తడిని వంటింటి నుంచి తరిమాక ఆ జబ్బు దాదాపు మాయమైంది.

డబ్బా పాలు స్వాతంత్ర్యానికి ముందే గ్లాక్సో పేరుతో పట్నాలకు వచ్చాయి. అవి దిగుమతి సరుకు, ఆవుపాలవి. గేదెపాలతో పసివాళ్ల ఆహారం చెయ్యలేమన్న అభిప్రాయాన్ని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950ల్లో తప్పని నిరూపించింది. ఆ పద్ధతితోనే అమూల్ డబ్బా బజారుకు వచ్చింది. గేదెలే ప్రధానమైన కృష్ణా డెల్టాకు ఇది పెద్ద మలుపు. 1960ల్లో యూనిసెఫ్ సాయంతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం వచ్చింది, చుట్టుపక్కల పట్టణాల్లో పాలు చల్లబరిచే కేంద్రాలు లేచాయి. 1974లో ఆంధ్రప్రదేశ్ డెయిరీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ పాలకు పెట్టిన విజయ పేరుతోనే పసిపిల్లల పాలపొడి ‘విజయస్ప్రే’ కూడా అమ్మకానికి వచ్చింది. పల్లెలో రైతుకు రోజువారీ డబ్బు కళ్లచూసే దారి దొరికింది. పాలు కేంద్రానికి పోయాక ఇంటి పిల్లలకు మజ్జిగ కూడా మిగలడం లేదన్న విమర్శా వెంటనే వచ్చింది. పాల డబ్బులతో బియ్యం, నూనె కొన్నారు. పాలకు బదులుగా పిల్లల గిన్నెలోకి ఏం వచ్చిందన్నది మాత్రం ఆ లెక్కల్లో ఉండదు.

డబ్బా మీది బొద్దుపిల్ల బొమ్మను చూసి కొన్న ఇంట్లో, అది నాలుగు రోజులు ఎక్కువ రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచడం మామూలు. బిడ్డకు అటు తిండీ చాలదు, ఇటు కాలువ నీళ్లతో విరేచనాలు. ప్రపంచమంతటా ఇదే జరగడంతో 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ పాలపొడుల ప్రచారం మీద నియమావళి ఆమోదించింది. భారతదేశం 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని బిగించింది. రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వెయ్యకూడదు, వైద్యులకు కానుకలివ్వకూడదు. మొదటి ఆరు నెలలూ మంచినీళ్లు సైతం లేకుండా తల్లిపాలే ఇవ్వాలన్న నియమం 2001లో ఖాయమైంది. అంతకు ముందు నాలుగు నుంచి ఆరు నెలలని చెప్పేవారు.

పాలు మానిన తర్వాతి కష్టం మీద ఎక్కువ పని చేసింది కూనూరు సంస్థే. అది 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. సి. గోపాలన్ కూనూరులో పేద తల్లుల పాలను కొలిచి, అర్ధాకలితో ఉన్నవాళ్లు కూడా నెలల తరబడి బిడ్డకు సరిపడా పాలివ్వగలుగుతున్నారనీ, ఆ భారం వాళ్ల ఒంటి మీదే పడుతోందనీ చూపించారు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి కూడా కూనూరులోనే మాంసకృత్తుల లోపం మీద పరిశోధన చేశారు. వెనక మరో బిడ్డ పుట్టి రొమ్ము తప్పిపోయిన పిల్లలకు కాళ్లూ మొహమూ వాచి, జుట్టు రాగి రంగుకు తిరిగే జబ్బుకు ఆ సంస్థ ఇచ్చిన జవాబు హైదరాబాదు మిశ్రమం: వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఆసుపత్రి అక్కరలేకుండా ఇంట్లోనే చేసుకోగల తిండి. తిరగలి ఉగ్గుకూ దీనికీ వరస ఒకటే.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. తర్వాత హైదరాబాదు నాచారంలోని ప్రభుత్వ ఆహార కర్మాగారం నుంచి వేయించిన గోధుమ, శనగ, పాలపొడి, నూనె, పంచదార కలిపిన బాలామృతం వచ్చింది. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ప్రతి బిడ్డకూ నెలకు 2.5 కిలోల పొట్లం. దాన్ని ఇంట్లో పెద్దపిల్లలు కూడా తింటారు గనక చిన్నదాని వాటా చిక్కిపోతుంది. రామలింగస్వామి 1996లో మరో ఇద్దరితో కలిసి యూనిసెఫ్‌కు రాసిన వ్యాసం ఒక చిక్కుప్రశ్న వేసింది. ఆఫ్రికా కంటే తిండి ఎక్కువ ఉన్న దక్షిణాసియాలో పిల్లలు ఎక్కువ బక్కచిక్కి ఎందుకున్నారు? ఆడవాళ్లు తక్కువ తిని, తక్కువ బరువు బిడ్డల్ని కంటున్నారన్నది వారి జవాబు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలి కథ డెల్టాకు కొత్తది కాదు. 2013 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘ఇందిరమ్మ అమృత హస్తం’ పథకం గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టడం ఆ వ్యాసం వాదనకు దగ్గరగా ఉన్న ఏర్పాటు. ఇంటికి సరుకులిస్తే ఆమె వాటా ఆమెకు దక్కదని పథకం రచించినవాళ్లకు తెలుసు.

ముర్రుపాల విషయంలో నమ్మకం చాలావరకు పోయింది, ఆలస్యం మాత్రం పోలేదు. పురుళ్లు ఆసుపత్రులకు మారాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కోతతో జరిగాయి. మత్తు, కుట్ల నొప్పి, తల్లీబిడ్డలను విడివిడి గదుల్లో ఉంచడం వల్ల మొదటి పాలు గంట దాటిపోతాయి. దేశం మొత్తం మీద గంటలోపు రొమ్మందిన పిల్లలు 41.8 శాతం, ఆరు నెలల దాకా తల్లిపాలే తాగినవాళ్లు 63.7 శాతం. ఆ తర్వాతే లెక్క కూలిపోతుంది: ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో తగినంత తిండి, తగినన్ని రకాలు అందినవాళ్లు 11.3 శాతం. డెల్టా ఇళ్లలో అన్నానికీ పెరుగుకీ కొదవ లేదు. బిడ్డ ముద్దలోకి రానివి గుడ్డు, చేప, కాలేయం, ఆకుకూర. మూడు పూటలా పెరుగన్నంతో కడుపు నిండిన బిడ్డకు ఇనుము అందదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత ఉన్నట్టు అదే సర్వే తేల్చింది. 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం కింద ఆరు నెలలు నిండిన బిడ్డకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టాలని నిర్ణయించి, ఆ సీసాను ఇంటికి చేర్చే పనిని ఆశా కార్యకర్తలకు అప్పగించారు.